వద్దన్నాక వడ్డించిన పక్కటెముకలు

ఐర్లాండ్‌లోని గాల్వేలో అద్దె ఇల్లు దొరకడం కన్నా పెళ్లిసంబంధం కుదరడం తేలిక. అందుకే లీజు నెలాఖరుకు అయిపోతుందని గుర్తొచ్చిన రోజు నుంచి నాకూ, నాతో ఇల్లు పంచుకున్న గోదావరి మిత్రుడికీ కంటిమీద కునుకు లేదు. మాస్టర్స్ అయిపోయింది, ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి, తీరా ఇల్లే లేకుండా పోయేలా ఉంది. ఇంటి ఓనర్ ఒంటరి పెద్దాయన, పక్క వీధిలోనే ఉంటాడు. ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని భోజనానికి పిలిచి, తిన్నాక మెల్లగా మరో ఏడాది అడగాలని మా పథకం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మరి పెట్టకుండా ఓనర్‌ని ఎలా అడుగుతాం?

బార్బెక్యూ రిబ్స్ చేద్దామన్నది మిత్రుడే. వారమంతా ఫోన్‌లో వాటి చరిత్ర చూసి నాకు చెప్పి ప్రాణం తీశాడు. ఒకప్పుడు అమెరికాలో మెత్తని మాంసమంతా దొరల బల్ల మీదికి పోతే, బానిసలకూ పేదవాళ్లకూ మిగిలినవి ఈ పక్కటెముకలట. ఎముకనంటిన ఆ కాస్త గట్టి మాంసాన్నే సన్నని సెగ మీద, పొగలో, గంటలకొద్దీ మగ్గబెట్టి వెన్నలా చేశారట. ఇప్పుడు డబ్బున్నవాళ్లే వాటికోసం క్యూ కడుతున్నారట.

"పనికిరాదని ఇచ్చినదాన్ని పండగ చేశారంటే, ఆళ్లకి దణ్ణం పెట్టాల్రా" అన్నాడు, నిజంగానే దణ్ణం పెడుతూ.

పంది మాంసం మా ఇద్దరికీ అలవాటు లేదు. గొర్రెపిల్ల పక్కటెముకలు కావాలంటే మాంసం కొట్లో ఆయన "కుక్కకా?" అని అడిగాడు. "మా ఓనర్‌కి" అన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి ఇంకో ముక్క ఊరికే వేశాడు.

గంటలకొద్దీ పొగ పెట్టడం గాల్వే వానలో అయ్యే పని కాదు. పైగా పచ్చి ఎముకను నేరుగా నిప్పుల మీద పెట్టడానికి మాకు మనసొప్పలేదు. పెరుగు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి ముందు కుక్కర్లో విజిళ్లు వేయించాం. తర్వాత పెరట్లో బొగ్గులు రాజేసి, నేను గొడుగు పడితే వాడు కాల్చాడు. తేనె పూసినప్పుడల్లా చుర్రుమని వాసన లేచేది. ఆ వాసనకూ, వానకూ, భయానికీ కలిపి మాకు ఒకటే నవ్వు.

పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. పెద్ద ముక్కలున్న పళ్లెం ఆయన ముందు పెట్టబోతే, "అబ్బే వద్దు, ఐయామ్ గ్రాండ్, నాకేం అక్కర్లేదు, టీ చాలు" అన్నాడు. ఈ దేశంలో వద్దంటే వద్దనే అర్థమనీ, బలవంతం చేయకూడదనీ యూనివర్సిటీలో చేరిన కొత్తలోనే మాకు పాఠం చెప్పారు. నేను బుద్ధిమంతుణ్ణి. పళ్లెం వెనక్కి తీసేశాను. ఆయన చూపు ఆ పళ్లెం వెంట వంటగది దాకా వచ్చింది.

మిత్రుడు నన్ను తలుపు వెనక్కి లాగాడు. "వద్దంటే తీసేత్తావేంట్రా? మడిసన్నాక మొదట వద్దనే అంటాడు!"

"అరే, ఇది మీ ఊరు గాదు. బలవంతం జేస్తే కోపమొస్తదిరా ఆయనకు. లీజు సంగతి దేవుడెరుగు!"

వాడు వింటేనా! పళ్లెం లాక్కుని వెళ్లి, "మా కోసం ఒక్కటి" అన్నాడు. "లేదు, లేదు" అన్నాడు పెద్దాయన, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "చిన్నదే" అన్నాడు వాడు. "సరే, మీరు నొచ్చుకుంటారని" అన్నాడాయన.

ఆ చిన్నది అయ్యాక పెద్దది, దాని తర్వాత ఇంకోటి. చొక్కా చేతులు మడిచాడు. కారానికి ముక్కు తుడుచుకుంటూనే తిన్నాడు. "మా వైపు మూడుసార్లు అడిగితే గానీ ఎవరూ టీ కూడా పుచ్చుకోరు. నువ్వు పళ్లెం తీసుకుపోతుంటే నా గుండె ఆగినంత పనైంది" అన్నాడు నాతో. నాకు సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆయన చిన్నప్పుడు కార్క్ ఊళ్లో వాళ్లమ్మ ఉప్పులో ఊరిన పంది పక్కటెముకల్ని క్యాబేజీతో ఉడకబెట్టేదట. ఎవరైనా వస్తే మాత్రం గిన్నె దాచేసేదట, ఎముకలు కొరుక్కునే బీదవాళ్లని చుట్టాలకు తెలియకూడదని. మా వరంగల్ వైపు కొత్త అల్లుడి విస్తట్లో మూలుగ బొక్క, అంటే మూలుగున్న ఎముక, పడకపోతే మగపెళ్లివారే అలుగుతారని నేను చెప్పాను. "అయితే ఇవాళ అల్లుణ్ణి నేనేనన్నమాట!" అని పడీపడీ నవ్వాడు.

అదే అదను. నేను గొంతు సవరించుకునేలోపే ఆయన అన్నాడు: "అన్నట్టు, మీ లీజు. మరో ఏడాది ఉండండి. అద్దె పెంచను."

ఎగిరి గంతేయాలనిపించింది. కానీ నోరు మా అమ్మ పెంచింది కదా! "అయ్యో, మీకు ఇబ్బందేమో, వద్దులెండి" అనేసింది.

మిత్రుడు నమలడం ఆపేశాడు. పెద్దాయన ఎముక కింద పెట్టి, తాపీగా వేళ్లు తుడుచుకున్నాడు. ఆ కాసేపట్లో గాల్వేలో పెట్టెలు మోసుకుంటూ తిరుగుతున్న మా ఇద్దరినీ నేను కళ్లారా చూశాను.

"ఉండండయ్యా" అన్నాడాయన మళ్లీ.

"ఉంటాం!" అని అరిచాను. మూడోసారి అడిగే దాకా ఆగే ధైర్యం నాకు లేకపోయింది.