అమ్మ పొయ్యి ముట్టని బొంబాయి

సూట్‌కేసు తెరిస్తే ఇప్పటికీ కాఫీ పొడి వాసన గుప్పుమంటుంది. రోమ్ నుంచి వచ్చేటప్పుడు మా తమ్ముడి కూతురు ఆ పొట్లాన్ని పిసికి పిసికి చింపి పెట్టింది. చీరలు రెండుసార్లు ఉతికినా, మేడమీద ఆరేసినా, సూరత్ వానాకాలపు తేమకు ఆ వాసన మళ్లీ లేచి కూర్చుంటోంది. తమ్ముడికి ఊరి పక్కన పల్సానాలో చిన్న నేత ఖాతా ఉంది. కార్ఖానాను ఇక్కడ ఖాతా అంటారు. కొత్తరకం మగ్గాలు చూడ్డానికి ఇటలీ వెళ్తూ, ఎలాగూ అంతదూరం పోతున్నాం కదా అని భార్యనూ, ఇద్దరు పిల్లలనూ, వాళ్లతోపాటు నన్నూ వెంటేసుకుని రోమ్ చూపించాడు. నన్నెందుకు తీసుకెళ్లాడో నాకు తెలియక కాదు. ఆరేళ్ల పిల్లాడు, నాలుగేళ్ల పిల్ల. రాళ్లు పరిచిన ఆ వీధుల్లో పిల్లల బండి చక్రం ఇరుక్కున్నప్పుడల్లా ఎత్తడానికి ఇంకో రెండు చేతులు కావాలి. పిల్లలు నన్ను గుజరాతీలో మేనత్తను పిలిచినట్టు 'ఫోయీ' అంటారు. ఆ పిలుపు కోసం నేను రోమ్ ఏమిటి, రాకెట్ కూడా ఎక్కుతాను. అది వేరే సంగతి.

మేం దిగిన ఇంట్లో బుల్లి వంటగది ఉంది. పిల్లలు పాస్తా వైపు మొహం కూడా తిప్పలేదు. తమ్ముడు మెల్లగా నా పక్కన చేరాడు.

"అక్కా, జర అన్నం, పప్పుచారు పెట్టరాదే. ఎట్లాగూ కిచెన్ ఉంది గద."

"బయట కొలోసియం గూడ ఉంది. గట్లని నేను సింహాన్నయితనారా? నేను తిరగనీకె వచ్చిన, వండనీకె రాలే."

మరదలు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. పిల్లలు రొట్టెలూ, టమాటాలూ, ఐస్‌క్రీమూ తిని బతికారు, బాగానే బతికారు. ఇక 'తిరగనీకె వచ్చిన, వండనీకె రాలే' అన్న మాట నా సొంతం కాదు. అది మా అమ్మది. నా ఎనిమిదో ఏట, దీపావళి ముందు, మా బాపుతో అన్నది.

అప్పుడు మేం సూరత్ ఉధ్నాలో ఒక్క గదిలో ఉండేవాళ్లం. బాపు సిరిసిల్ల దిక్కు నుంచి పెళ్లికి చాలా ముందే సూరత్ వచ్చి, సాంచాల మీద పనిచేసేవాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. గోడకు అవతలే ఖాతా కాబట్టి ఆ టకటకలోనే మేం పుట్టాం, చదువుకున్నాం, కొట్టుకున్నాం. మా ఇళ్లలో అందరివీ పెద్ద గొంతులని బయటివాళ్లు ఆక్షేపిస్తారు గానీ, మెల్లగా మాట్లాడితే వినబడే వీధిలో వాళ్లెప్పుడైనా ఉన్నారా? వానాకాలమంతా తడిసిన నూలు వాసన, బట్టలు ఆరని వాసన. చలికాలం వస్తే సందు మొగలో పచ్చి జొన్నకంకులు కాల్చి దులిపిన పోంక్, దానిమీద నిమ్మకాయ పిండి, కారప్పూస చల్లి కాగితంలో పోసిస్తే, మూతులు మసి చేసుకుని ఒకరి కాగితంలోకి ఒకరు తొంగిచూస్తూ తినడం. బతుకమ్మకు తంగేడు పువ్వు దొరకదని అమ్మవాళ్లు బంతిపూలతోనే ఎత్తుగా పేర్చి, గుజరాతీ ఆడవాళ్ల గర్బా పాటను మించిపోయేలా గొంతెత్తి పాడడం. ఆ తర్వాత దీపావళి. ఆ సాయంత్రం సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయేవి. అన్నీ ఆగాక వీధిలో పిల్లలందరం మా చెవులకేమైందో అని ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకునేవాళ్లం.

సాంచాలు ఆగేవి గానీ అమ్మ పొయ్యి ఆగేది కాదు. బాపుకు ఒక వారం పగటి పని, ఒక వారం రాత్రి పని. మా బడి వేళలు వేరు. ఊరి నుంచి కొత్తగా వచ్చి రూమ్ దొరకని పిల్లగాళ్లు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు మా గడపలోనే తినేవాళ్లు. ఆ గ్యాసునూనె స్టవ్ చల్లారగా నేను చూడలేదు. దీపావళి సెలవులకు ఊరికి పోతే అమ్మ అక్కడ ఇంటికి పెద్దకోడలు. స్టవ్ బదులు కట్టెలపొయ్యి, ఆరుగురి బదులు ఇరవైమంది. అందుకే ఆ ఏడు సెలవులు దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఎదురు తిరిగింది.

"ఈసారి ఊరికి వద్దు. బొంబాయి పోదాం. సముద్రం చూద్దాం. తిరిగొచ్చేదాంక నేను పొయ్యి ముట్ట."

"ముట్టకుంటె ఏం తింటమే?" అన్నాడు బాపు.

"బొంబాయోళ్లు ఏం తింటరో గదే తిందాం. నేను తిరగనీకె వస్త, వండనీకె రాను."

"లాడ్జిల దిగి, హోటల్ల తింటే మనోళ్లు నవ్వరా?"

"నవ్వనీ. పండుగపూట నలుగురు నవ్వితే పుణ్యం."

బాపు సరేనన్నాడు. కానీ మావాళ్లలో ఒక పట్టింపు ఉంది. మనవాళ్లున్న ఊరికి పోయి లాడ్జిలో దిగితే, ఆ మనవాళ్లను చెప్పుతో కొట్టినట్టే. బాపు చిన్నాయన కొడుకు, మా చిన్నబాపు, వర్లీలో ఉండేవాడు. ఆయనకు చెప్పకుండా బొంబాయిలో అడుగుపెట్టడం బాపు వల్ల కాలేదు. అటు పోతున్న ఎవరితోనో కబురంపాడు, అమ్మకు మాత్రం ఆ సంగతి మింగేశాడు. రైల్లో అమ్మ కిటికీ పక్కన కొత్తచీరలో కూర్చుని, ఒళ్లో తమ్ముణ్ని పడుకోబెట్టుకుని, వచ్చిన ప్రతి వంతెననూ వంగి చూసింది. దాదర్‌లో దిగామో లేదో, భుజాన తువ్వాలుతో చిన్నబాపు పళ్లన్నీ బయటపెట్టి నిలబడి ఉన్నాడు. "వదినె, బాగున్నరా?" అన్నాడు. బాగున్నానంది అమ్మ. ఆ ఒక్క మాట అని, బాపు చేతిలోని సంచి లాక్కుని వర్లీ దాకా తనే మోసింది.

వరండా పొడుగునా గదులుండే పెద్ద చాల్‌లో మూడో అంతస్తులో వాళ్లది ఒక్కటే గది. చిన్నమ్మ స్టవ్ ముందు కూర్చుని చెమటలు తుడుచుకుంటోంది, ఆమె ఇద్దరు ఆడపిల్లలు తలుపు వెనక నుంచి మమ్మల్ని చూస్తున్నారు. అమ్మ సంచి కింద పెట్టి, కాళ్లు కడుక్కుని, ఎవరూ చెప్పకుండానే చెంగు నడుముకు దోపి ఉల్లిగడ్డలు ముందుకు లాక్కుంది. చిన్నమ్మ వద్దని కత్తిపీట లాక్కోబోయింది, అమ్మ ఇవ్వలేదు. ఇంటి ఆడది పొయ్యి దగ్గర ఉడుకుతుంటే వచ్చిన ఆడది గోడకానుకుని కూర్చోవడం మావాళ్లలో ఎక్కడుంది? నాకు ఎనిమిదేళ్లే అయినా ఆ వంగిన వీపును చూస్తే అర్థమైంది, అమ్మ సెలవులు మొదలుకాకముందే అయిపోయాయని. సముద్రం ఆ గది నుంచి వినిపిస్తూనే ఉంది.

మమ్మల్ని కాపాడింది చిన్నబాపు నోరు. పాపం, ఆయనకేం తెలుసు!

"అన్నా, నీ చేతి పచ్చిపులుసు తిని ఎంత కాలమాయె! వదినె, మీ పెండ్లిగాకముందు సూరత్ రూమ్‌ల అందరం వంతులేసుకుని వండేది గానీ, అన్న వంతు వచ్చిందంటె పక్క రూమోళ్లు గూడ గిన్నెలు పట్కొని నిలవడేది."

అమ్మ చేయి కత్తిపీట మీద ఆగిపోయింది. బాపు పైకప్పు చూశాడు, అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయినా. ఎందుకంటే పెళ్లైన నాటి నుంచీ బాపు మా ఇంట్లో చెప్పింది ఒకటే: నాకు నీళ్లు కాగబెట్టుడు గూడ రాదు.

"నేను బాలెంతగున్నప్పుడు గూడ పక్కింటోళ్లతోని గంజి కాపిచ్చి తెచ్చినవ్ గదయ్యా!" అంది అమ్మ.

"మర్చిపోయిన."

"ఏం మర్చిపోయినవ్?"

"వండుడు."

చిన్నమ్మ ముందు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత పెట్టుకోవడం మానేసి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి, లేచి, అమ్మ ముందున్న కత్తిపీటను కాలితో బాపు వైపు జరిపింది. "లే అక్కా. నేను గూడ ఈ ఊరికొచ్చినకాడికెళ్లి పండుగ చెయ్యలే. బావకు యాదికొచ్చేదాంక మనం సముద్రం కాడ కూసుందాం." తన మొగుడి వైపు తిరిగి, "నువ్వు గూడ ఉండు. అన్నకు నీళ్లందియ్యి" అంది.

బాపుకు బాగానే జ్ఞాపకమొచ్చింది. తెగిన పోగును కళ్లు చూడకుండానే ముడివేసే ఆ వేళ్లు ఉల్లిగడ్డనూ అలాగే చిదిమేవి. పచ్చిపులుసులో చింతపండు పిసికి, వేయించిన నువ్వులపొడి చల్లి, ఎండుమిరపకాయ నిప్పుల మీద కాల్చి నలిపితే, మెట్ల దాకా ఘాటు. కానీ ఆయనకు తెలిసిన కొలత ఒక్కటే, షిఫ్టు దిగొచ్చే రూమంతటికీ సరిపడే కొలత. తక్కువ వండడం ఆయనకు నిజంగానే రాదు. అన్నం గిన్నె మూత పైకి లేచింది, పులుసు బకెట్‌లోకి మారింది. చిన్నబాపు తలుపు తలుపూ తట్టి పిలిస్తే, మరాఠీవాళ్లూ, కొంకణీవాళ్లూ, మనవాళ్లూ గిన్నెలు పట్టుకుని వరండాలో వరసకట్టారు. మర్నాడు పిలవకుండానే వచ్చారు. ఉన్నన్నాళ్లూ బాపు వండుతూనే ఉన్నాడు, మేం తిరుగుతూనే ఉన్నాం: రాణీబాగ్‌లో ఏనుగు, చౌపాటీలో ఇసుక అంటుకున్న భేల్, రెండంతస్తుల బస్సులో పై అంతస్తు ముందు సీటు.

అన్నిటికంటే వర్లీ సముద్రపు గట్టు. మొదటి సాయంత్రం అమ్మ అక్కడ కూర్చుని చేతులేం చేయాలో తెలియక చీర కుచ్చిళ్లు సర్దుకుంది, తమ్ముడి జుట్టు సర్దింది, నా జుట్టు సర్దింది. తర్వాత చిన్నమ్మ పిల్లలూ నేనూ అచ్చనగాయలు ఆడుతుంటే, నిద్రపోయిన తమ్ముణ్ని ఒళ్లోంచి కదల్చకుండానే ఒక చేయి చాపి, "గిట్లనా ఆడేది?" అంటూ రాళ్లు లాక్కుంది. ఎగరేసింది, ఊడ్చింది, పట్టింది. గాజులు మోచేతి దాకా జారి మళ్లీ కిందికొచ్చాయి. అమ్మకు ఆటలొచ్చని నాకప్పటిదాకా తెలియదు. రాయి కదిలిందని నేనంటే కదల్లేదని నామీదికొచ్చింది, కళ్లు పెద్దవి చేసి, తోటిపిల్లలా, ఓటు కోసం చిన్నమ్మను పిలిచి మరీ. నా వాదులాటబుద్ధి ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్లకు చిరునామా అదే.

సూరత్‌లో దిగగానే బాపు మళ్లీ వంట మర్చిపోయాడు. సాంచాలు మొదలైన పొద్దునే అమ్మ స్టవ్ వెలిగించింది. విప్లవాలు సెలవులకే వస్తాయి కాబోలు. అయినా ఏటా దీపావళి నాడు ఒక్కపూట ఆయన పచ్చిపులుసు కలిపేవాడు, వీధి సగం తినేది, అమ్మ గడపమీద కాళ్లు చాపుకుని కూర్చునేది. ఆ ఒక్కపూటను ఆవిడ చివరి దాకా వదులుకోలేదు.

ఇప్పుడు ఉధ్నా గది గోదాము. గోడవతలి సాంచాలు తుక్కుకు పోయాయి. తమ్ముడి ఖాతాలో మగ్గాల చప్పుడు వేరు. వర్లీ చాల్ ఉన్నచోట మెడ నొప్పెట్టేంత పొడుగు మేడలున్నాయి. వంతులేసుకుని వండుకునే రూములు సూరత్ శివారులోని ఉన్‌లో ఇంకా ఉన్నాయి గానీ, ఫోనులో నొక్కితే అన్నమొచ్చే కాలం వాటికీ వచ్చింది. బాపు లేడు, చిన్నబాపు, చిన్నమ్మ లేరు. అమ్మ పోయి మూడు చలికాలాలైంది. అమ్మను తలుచుకుని చేతివంట గురించి రాసేవాళ్లతో నాకు పేచీ లేదు. మా అమ్మ చేతిలోనూ రుచి ఉండేది. కానీ ఆ వంట మా అందరిదీ. గట్టుమీద రాళ్లు ఎగరేసిన మనిషి ఆవిడ సొంతం, ఆవిడను నాకు చూపించినందుకు బొంబాయికీ, నోరు జారిన చిన్నబాపుకూ, మర్చిపోయింది జ్ఞాపకం తెచ్చుకున్న బాపుకూ నేను రుణపడి ఉన్నాను.

తమ్ముడికి ఇవేవీ గుర్తులేవు. ఒళ్లో నిద్రపోయినవాడికి ఏం గుర్తుంటుంది? నిన్న మా ఇంటికి వచ్చినప్పుడు ఇదంతా చదివి వినిపించాను. అంతా విని చిన్నపిల్లాడిలా అడిగాడు.

"మరి ఎవలు గెలిచిండ్రే అక్కా?"

"ఇంకెవలు? అమ్మనే" అన్నాను. "తొండి జేసి."