పాడేవాళ్ళకి వదిలిన జాగా

గిన్నెల కొట్టుకొచ్చేవాళ్ళు గిన్నెను కళ్ళతో కొనరు, చెవితో కొంటారు. వేలు మడిచి కణుపుతో ఠంగుమని ఒకటిస్తారు. తల పక్కకి వంచి వింటారు. నచ్చకపోతే మొహం చిట్లించి, "మోత బాగులేదయ్యా, ఇంకోటి తియ్యి" అంటారు. శ్రీకాకుళంలో అరసవల్లి రోడ్డు మీద శ్రీ గౌరీ స్టీల్స్ అనే కొట్టులో నాలుగేళ్ళుగా ఆ మోతలు వింటూ కూర్చున్న మనిషి ఆనంద్‌కుమార్. కొట్టు అతనిది కాదు, మేనమామ ధర్మారావుది. మేనమామే పిల్లనిచ్చిన మామ కూడా. ఒక్కగానొక్క కూతురు సింధూరిని ఇచ్చి, కోటబొమ్మాళి నుంచి మేనల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాడు.

ఇల్లరికమంటే లోకానికి వేళాకోళం. పెళ్ళికాని కుర్రాళ్ళయితే లోలోపల కుళ్ళుకుంటారు కూడా. కట్టి ఉన్న ఇల్లు, తెరిచి ఉన్న కొట్టు, వండి ఉన్న అన్నం, ఇంకేం కావాలిరా అంటారు. వాళ్ళని ఒక్క వారం తెచ్చి ఆ కొట్టులో కూర్చోబెడితే తెలుస్తుంది. పొద్దున్న తొమ్మిదికి మామ వెనకాలే రావాలి, రాత్రి తొమ్మిదికి మామ వెనకాలే వెళ్ళాలి. వాళ్ళుండేది ఆ కొట్టు మీది మేడలోనే, అంటే వెళ్ళడానికి పదహారు మెట్లు. చుట్టాలెవరైనా వచ్చి ఈయనెవరని అడిగితే ధర్మారావు, "మా కొట్లో ఉంటాడు" అనేవాడు. అందులో అబద్ధం లేదు, ఆనంద్‌కుమార్ కొట్లోనే ఉంటాడు. పేరు పెట్టి పిలవడం కూడా లేదు. "ఇదిగో" అంటే అతనే.

అతని పని గిన్నెల మీద పేర్లు చెక్కడం. లావుపాటి పెన్నులాంటి చిన్న మిషను ఉంటుంది. స్విచ్చి వేస్తే జుయ్‌మని అరుస్తుంది. పెళ్ళిసారెకి కొన్న బిందెలూ పళ్ళేలూ ముందు పెట్టుకుని ఎవరి పేరు చెబితే ఆ పేరు చెక్కుతాడు. మాఘమాసం వచ్చిందంటే ఊళ్ళో పెళ్ళికూతుళ్ళ పేర్లన్నీ అతని చేతి మీదుగా పోవాల్సిందే.

అయితే రోజులో రెండు గంటలు మాత్రం అతనివి. మధ్యాహ్నం రెండింటికి షట్టర్ సగం దించి ధర్మారావు మేడెక్కి పడుకుంటాడు. నాలుగింటికి దిగుతాడు. ఆ రెండు గంటలూ ఆనంద్‌కుమార్ కుక్కర్ల అట్టపెట్టెల వెనకాల కూర్చుని పాత ల్యాప్‌టాప్ తీస్తాడు. అందులో బీట్లు కట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. హిప్‌హాప్ బీట్లు, అంటే ర్యాప్ పాటల వెనక మోగే తాళాలు కడతాడు. పెద్ద పెద్ద స్టూడియోల వాళ్ళు ఎక్కడెక్కడి చప్పుళ్ళో కొనుక్కుంటారు. ఇతనికి కొట్టునిండా చప్పుళ్ళే. ఇత్తడి బిందె మీద కణుపు దెబ్బ, నేల మీద పడి తిరిగి తిరిగి ఆగే పళ్ళెం, మూతల గలగల, పేర్లు చెక్కే మిషను రొద, అన్నీ ఫోన్లో పట్టి, కోసి, అతికించి, లయ కట్టేవాడు.

పైగా కట్టడమెలాగో పదిమందికి చెప్పేవాడు కూడా. మొహం కనపడనీయకుండా తెరనీ వేళ్ళనీ మాత్రం చూపించి, పేరు చెప్పకుండా వీడియోలు పెట్టేవాడు. ఆ చెప్పడంలోనే ఉంది మజా. "దెబ్బలన్నీ సరిగ్గా తెర మీద కనపడే గీతల మీదే పెట్టకండి. గీత మీద నడిసేది రైలొక్కటే. మనిసి నడక కొంచెం అటూ ఇటూ పోతాది, అలగే ఉండాల" అనేవాడు. పొట్టలో తగిలే దెబ్బకి కిక్ అని పేరు, కింద పరుచుకుని సాగే మోతకి బేస్ అని పేరు. రెండూ ఒక్కసారి అరిస్తే బురదే. దానికి అతను చెప్పిన కిటుకు విని ఎంతమంది ఇల్లరికపుటల్లుళ్ళు కళ్ళనీళ్ళెట్టుకున్నారో మరి. "కిక్కు మావ, బేసు అల్లుడు. మావ గుమ్మంలోకొచ్చినప్పుడల్లా అల్లుడు నోరు మూసుకుని పక్కకి తప్పుకోవాల. మావ ఎల్లిపోగానే మళ్ళీ రావొచ్చు. సాఫ్ట్‌వేర్లో దానికో మీట ఉన్నాది సూడండి." అన్నిటికన్నా ఎక్కువగా చెప్పేది మాత్రం ఒకటుంది. "బీటు నిండా సప్పుళ్ళు కుక్కీకండి. పాడేవోళ్ళకి జాగా వొదలండి. బీటంటే ఇల్లు కాదు, అరుగు. ఎవరో వొచ్చి కూసోడానికి కడతాం."

ఆ వీడియోలు చూసే, వాటి కింద మెసేజ్ పెట్టి నెంబరు అడిగి, విజయనగరం నుంచి దుర్గ ఫోన్ చేసింది. డిగ్రీ చదువుతూ ర్యాప్ పాడే పిల్ల. విశాఖపట్నంలో పాటలు విడుదల చేసే ఒక కంపెనీ ఆమె పాట తీసుకుంటామంది. బీటు కట్టినవాడి పేరు కూడా పాట మీద వేస్తారు. పాట బాగుంటే వాళ్ళ స్టూడియోలో కూర్చుని బీట్లు కట్టే పని కూడా ఇస్తామన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆనంద్‌కుమార్‌కి వేరే ధ్యాస లేదు. మూడు వారాలు మధ్యాహ్నాలన్నీ పోసి ఒక బీటు కట్టాడు. మొదలు బిందె, తర్వాత మూతలు, ఆ మీద మిషను రొదతో చిన్న రాగం, మధ్యలో పదహారు దెబ్బల పాటు దుర్గ కోసం ఖాళీ జాగా. అలాంటిది అంతకుముందు కట్టలేదు. ఇది తనని ఆ పదహారు మెట్ల మీంచి దాటిస్తుందని అతనికి నమ్మకం కుదిరింది.

దుర్గ అది మూడుసార్లు విని ఫోన్ చేసింది. "అన్నా, ఇది ఇంకెవలికీ ఇయ్యలేదు కదా? కంపెనీవోళ్ళు అదొక్కటే అడుగుతన్నారు. ముందెక్కడా మోగుండకూడదట" అంది.

"ఎవలికిస్తానమ్మా? నీకే" అన్నాడు ఆనంద్‌కుమార్.

వచ్చే శుక్రవారం కంపెనీ కాగితాల మీద సంతకాలన్నారు. దానికి ముందు ఆదివారం మధ్యాహ్నం అతను ఆ బీటు చివరిసారి వింటున్నాడు. చెవుల్లో పెట్టుకునే వైరు పాడై, చిన్న స్పీకర్లో పెట్టుకున్నాడు. మోకాలి నొప్పితో నిద్రపట్టక ధర్మారావు మూడింటికే దిగివచ్చాడు. సగం దించిన షట్టర్ కింద ముందు రెండు పాదాలు కనపడ్డాయి. అవి కదల్లేదు. ఆనంద్‌కుమార్ గబుక్కున ఆపేశాడు.

"ఆపీకు. మళ్ళీ ఎయ్యి" అన్నాడు ధర్మారావు.

వంగి లోపలికొచ్చి బల్ల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. బిందె మోగిన చోట ఆయన వేలు మడిచి తొడ మీద కొట్టుకుంటున్నాడు. నలభై ఏళ్ళుగా గిన్నె మోత విని సరుకు దింపుకున్న చెవి అది. దానికి బీటంటే ఏమిటో తెలియకపోవచ్చు గానీ మంచి మోతంటే ఏమిటో తెలుసు.

"ఇది మన మూడో నెంబరు బిందె కదేటి?" అన్నాడు.

"అవును మావయ్యా."

"ఓలమ్మ... ఎంత బాగా కట్నావురా ఆనందూ!"

నాలుగేళ్ళలో మామ నోట తన పేరు వినడం అదే మొదలు. ఆనంద్‌కుమార్ పొంగిపోయాడు. సిగ్గు లేకుండా పొంగిపోయాడని చెప్పడమే న్యాయం. ఆ పొంగులో ఉండగానే ధర్మారావు అసలు మాట తీశాడు. పెళ్ళిళ్ళ రోజులు కదా, కొట్టు ప్రచారానికి ఆ వీధిలో ఆటో నడిపే సూరయ్య బండికి మైకు కట్టించి ఊరంతా తిప్పుదామని ఆయన ఆలోచనట. దానికి ఈ పాట పెడదామన్నాడు.

"ఇంకోటి ఉన్నాది మావయ్యా, దీనికన్నా బాగుంటాది" అని ఆనంద్‌కుమార్, సన్నాయితో ఎప్పుడో కట్టిన బీటొకటి వేశాడు. ధర్మారావు రెండు దెబ్బలు విని చెయ్యి ఊపేశాడు. "ఇది ఊరందరిదీను. అందులో మన గిన్నెలు మోగుతాయి సూడు, అదే ఇయ్యి."

"అది... ఒకలకి..."

ఆ మాట నోట్లోనే ఉంది. ధర్మారావు షట్టర్ కింద నుంచి తల బయటపెట్టి ఎదురుగా బట్టల కొట్టాయన్ని కేకేస్తున్నాడు. "ఇదిగో రమేష్‌బాబూ, బేగి రా! మా అల్లుడు పాట కట్టినాడు, ఇనూ! మా అల్లుడయ్యా!" రమేష్‌బాబు వచ్చాడు, వాళ్ళ కొట్లో వాళ్ళూ వచ్చారు. ధర్మారావు చెయ్యి ఆనంద్‌కుమార్ భుజం మీద ఉంది. ఇవ్వనంటే ఆ చెయ్యి తీసేస్తాడు, తను మళ్ళీ "మా కొట్లో ఉంటాడు" అవుతాడు. ఇస్తే దుర్గ దగ్గర మాట పోతుంది. అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. పెన్‌డ్రైవ్ మామ చేతికి అందించాడు.

మేడ మీద సింధూరికి చెప్పుకున్నాడు. నువ్వైనా మీ నాన్నకి చెప్పవే అన్నాడు.

"నాను సెప్తే నాన్న వింటాడు బావా. కూతురడిగిందని వింటాడు. నీకోసం వినడు కదా" అంది సింధూరి. "నువ్వే సెప్పు. ఇప్పుడే సెప్పు. ఆలస్యమైతే ఆటో వీధిలోకెల్లిపోతాది."

రేపు చెబుదామనుకున్నాడు. మంగళవారం చెబుదామనుకున్నాడు. మామ ప్రతి గంటకీ ఎవరో ఒకరికి "మా అల్లుడు" అంటున్నాడు. ఎండకి దాహమైనవాడు నీళ్ళచెంబు దించనట్టు, ఆ మాట వింటూ ఉండిపోయాడు. అతని పిరికితనాన్ని వెనకేసుకు రావడానికి నాకూ మనసొప్పదు. కానీ ఆ దాహం అబద్ధం కాదు.

బుధవారం ఆటో బయల్దేరింది. గురువారం దుర్గ ఫోన్ చేసింది. దైవదర్శనానికి అమ్మతో అరసవల్లి వస్తూ బస్సు కాంప్లెక్సు దగ్గర దిగిందట.

"అన్నా, మీ బీటు కుక్కర్లమ్ముతన్నాది" అంది.

అతను జరిగిందంతా చెప్పుకున్నాడు. ఆ పిల్ల తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఊరంతా తెలిసిపోనాది కదన్నా. నానేటి పాడినా గిన్నెలే గుర్తొస్తాయి. కంపెనీవోళ్ళకి అబద్ధం సెప్పలేను. ఇంకొకల బీటు తీసుకుంటన్నాను" అని, ఆగి, "జాగా మాత్రం భలేగా వొదిలేరన్నా" అంది. ఫోన్ పెట్టేశాక ఆనంద్‌కుమార్ అట్టపెట్టెల వెనక ఏడ్చాడు. బయటికి వినపడకుండా ఏడవడం ఆ ఇంట్లో అతనికి బాగా అలవాటైన విద్య.

కొట్టులో బేరం మాత్రం ఊపందుకుంది. ఆటో పాట విని ఆమదాలవలస నుంచీ జనం వస్తున్నారు. పిల్లలు వీధిలో పళ్ళేల మీద ఆ దెబ్బలే వేస్తున్నారు. వారం తిరక్కుండా ధర్మారావు మనసు నిండిపోయి అల్లుణ్ణి పిలిచి చెప్పాడు. "అంతా నీ సలవేరా ఆనందూ. రద్దీ సూస్తన్నావు కదా. రేపట్నించి మజ్జాన్నం మూసీడం మానీద్దాం. నాను కాసేపు నడుం వాలుస్తాను. అల్లుడున్నాడు కదా, కొట్టు నువ్వు సూసుకో. ఇంకేటి నాకు దిగులు?"

ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. అంత ప్రేమగా మాట్లాడే మనిషికి ఏమని ఎదురు చెబుతాడు? మర్నాడు రెండు గంటలకి షట్టర్ దిగలేదు. ల్యాప్‌టాప్ కుక్కర్ పెట్టెల వెనకే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం తవిటమ్మ అనే ముసలావిడ మనవరాలి పెళ్ళికి బిందె కొంది. వేలు మడిచి ఠంగుమని కొట్టి, విని, ఇదే కావాలంది. అతను మిషను తీశాడు. అప్పుడే సూరయ్య ఆటో కొట్టు ముందు నుంచి పోయింది. ముందు బిందె, తర్వాత మూతలు. పాడేవాళ్ళకి వదిలిన ఆ పదహారు దెబ్బల జాగాలో ధర్మారావు గొంతు. "రండమ్మా రండి, పెళ్ళిసారె సామాన్లు, ప్రెషర్ కుక్కర్లు, పేర్లు ఉచితంగా చెక్కబడును..." సరిగ్గా పదహారో దెబ్బకి ఆ గొంతు ఆగింది. ఆనంద్‌కుమార్ పెదవులు తమంతట తామే లెక్కపెట్టాయి.

తవిటమ్మ తల ఊపుతూ వింటోంది. "ఏటి పాటయ్యా ఇది, భలేగున్నాది. కట్నోడెవడో గానీ ఏ పెద్దూల్లోనో ఉంటాడు గావాల" అంది.

ఆనంద్‌కుమార్ బిందెను ఒళ్ళోకి తిప్పుకున్నాడు.

"పిల్ల పేరేటమ్మా?" అని అడిగి స్విచ్చి వేశాడు.