సార్జంట్ చెవి నెత్తురు

పిల్లి అరుపు వీధి చివరి దాకా వినిపించింది. బట్టలుతికే గదిలో మెర్వ్ కాఫ్లన్ దాన్ని పిర్రల మీద కూర్చోబెట్టి, రెండు మోకాళ్ల మధ్య బిగించి, మెడ వెనక తోలు ఎడమచేత్తో పిడికిట పట్టాడు. కుడిచేతిలో సూది. చెవి అంచున పొడిచాడు. నెత్తురు చుక్క తేలేలోపే పిల్లి నడుం మెలితిప్పి అతని బొటనవేలు కరిచింది. పన్ను గోరు పక్కనుంచి దిగి ఎముకకు తగిలింది. మెర్వ్ వదల్లేదు. దాని తల సిమెంటు తొట్టి అంచుకేసి అదిమి, బూతు తిట్టి, మళ్లీ పొడిచాడు. ఇంకో రెండు పోట్లు పొడిస్తే గానీ చుక్క రాలేదు. కారుతున్న నెత్తురులో తనదేదో పిల్లిదేదో చూసుకుని, పిల్లిదనుకున్న చుక్కను షుగరు మిషను స్ట్రిప్పుకి తాకించాడు.

ఇరవై ఆరు.

పిల్లిని వదిలితే అది గోడ ఎక్కబోయి జారి, అతని మోకాలు చీల్చి, కిటికీలోంచి దూకిపోయింది. మెర్వ్ బొటనవేలు నోట్లో పెట్టుకుని నవ్వాడు. ఆ పూట కూడా తనే గెలిచాననుకున్నాడు, వెర్రి వెధవ.

ఆ గెలుపు సంగతి చెప్పాలంటే మనిషి సంగతి చెప్పాలి. మెర్వ్ ఆ మైదానాల్లో షెడ్డు షెడ్డూ తిరిగి గొర్రెల ఉన్ని కత్తిరించి ముసలివాడైనవాడు. గొర్రెను పిర్రల మీద కూలేసి, వీపు తన మోకాళ్లకు ఆనిస్తే దాని కాళ్లు నేలకు అందవు. అందకపోతే తిరగబడదు. కుదురుగా ఉండని పొట్టేలుకి కత్తెర యంత్రంతోనే మూతి మీద ఒకటి పడేది. దాని చర్మం తెగితే అక్కడే దబ్బనంతో కుట్టి కిందికి తోసేవాడు. మనుషులతోనూ అంతే. ఉన్ని ఏరే కుర్రాడొకడు తన తువ్వాలు తొక్కాడని వాడి దవడ విరగ్గొట్టాడు. పెళ్లాం నోలీన్, మాంసం మాడిందన్న పాపానికి, భుజం ఎముక విరిగి, చెయ్యి మెడకు కట్టుకుని బస్సెక్కి వెళ్లిపోయింది. తర్వాత ఆ ఇంటి గడప తొక్కిన ప్రాణి సార్జంటు ఒక్కటే.

దాన్ని ఎవరూ పెంచమని ఇవ్వలేదు. ఎర్రగా, గొర్రెపిల్లంత లావుగా, ఒక చెవి సగం చిరిగిన గండుపిల్లి. ఒకరోజు నీళ్ల ట్యాంకు కింద ఇంకో పిల్లి గొంతు కొరికి చంపి, ఆ నెత్తుటి మూతితోనే వచ్చి మెర్వ్ బూట్ల మీద పడుకుంది. ఆ ఊళ్లో అతను వస్తుంటే కుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి. ఇది తప్పుకోలేదు. అందుకే మెర్వ్‌కి దాని మీద ప్రాణం. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు గానీ నేను అంటున్నాను: ఆ పిల్లి పోతే వాడికి ఇంక ఎవరూ లేరు.

అలాంటి పిల్లి కుండలు కుండలు నీళ్లు తాగి, ఎముకల గూడై, వెనక్కాళ్లు ఈడుస్తుంటే పశువుల డాక్టరు దగ్గరికి మోసుకెళ్లాడు. డాక్టరమ్మ టెస్ చిన్నపిల్ల, ఊరికి కొత్త. పిల్లికి షుగరు జబ్బని తేల్చి, పూటపూటా ఇన్సులిను వేయాలంది. మెడ వెనక సూది వేయడం మెర్వ్ ఒక్క పూటలో నేర్చుకున్నాడు. తిండిలో మూతి పెట్టి ఉంటే సార్జంటుకి ఆ పోటు తెలిసేదే కాదు. చిక్కంతా నెత్తురు చూడడంతోనే.

"ఇక్కడికి తెస్తే భయానికే వాడి షుగరు పైకి ఎగిరిపోతుంది, మెర్వ్ గారూ," అంది టెస్. "ఆ అంకె నమ్మి మందు వేయలేను. ఇంటి దగ్గర, వాడు నిమ్మళంగా ఉన్నప్పుడు చూసి చెప్పండి. ఈ మిషను లెక్కలో ఐదుకీ పదిహేనుకీ మధ్య ఉంటే చాలు. మూడుకి కిందికి దిగితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది, వెంటనే చిగుళ్లకు తేనె రాయండి."

మెర్వ్ చెవికి "ఇంటి దగ్గర" అన్న మాట ఎక్కింది. నిమ్మళం అన్నది ఎక్కలేదు. ఎక్కినా వాడికి తెలిసిన నిమ్మళం ఒకటే, మోకాళ్ల మధ్యది.

ఇంకో సంగతి. గొర్రెల షెడ్డులో ఒక రివాజు ఉంది. పొట్టేలు తన్ని పన్ను రాలగొట్టినా సరే, ఎలా ఉందిరా అంటే "నిమ్మళంగా ఉంది" అనాలి. ఇది నన్ను ఏడిపిస్తోందని నోరు జారినవాడి పని అయిపోయినట్టే. ఆ సీజనంతా వాడికి ఎగతాళి తప్పదు, మర్నాటి నుంచి మందలోకెల్లా పొగరుబోతు పొట్టేళ్లన్నీ వాడి వంతుకే తోస్తారు. ఆ రివాజులో ముదిరిన నోరు మెర్వ్‌ది.

అందుకని, కొరికిన బొటనవేలికి గుడ్డ చుట్టుకుంటూ అతను ఫోనులో "ఇరవై ఆరు" అన్నప్పుడు, టెస్ అనుమానంగానే అడిగింది.

"పెనుగులాడుతున్నాడా?"

"నా మోకాళ్ల మధ్య ఏదీ పెనుగులాడదమ్మాయ్."

"అంటే నిమ్మళంగానే ఉన్నాడా? నిజంగా?"

"గొర్రెపిల్లలా."

టెస్ మందు పెంచింది. మళ్లీ యుద్ధం, ఈసారి ఇరవై నాలుగు, మళ్లీ గొర్రెపిల్ల. ఆమె ఇంకొంచెం పెంచింది.

కంచె అవతల ఇంట్లో వాల్ పెట్రీ ఉంటుంది. ఒకప్పుడు ఆ షెడ్లలోనే వంటమనిషి. మెర్వ్ ఒకసారి వంటింట్లో తన మీద చెయ్యెత్తితే కాగిన కొవ్వు గరిటెడు వాడి ముంజేతి మీద పోసిన మనిషి. ఆ మచ్చ ఇంకా ఉంది. ఆమెను చూస్తే మెర్వ్ గొంతు ఒక మెట్టు దిగుతుంది.

"ఏరా ముసలోడా, దాన్ని బతికిస్తున్నావా, తోలు తీస్తున్నావా?" అని అరిచింది కంచె మీంచి.

"నీ పని నువ్వు చూసుకోవే."

"చూసుకోనిస్తేగా. పొద్దున్నే ఆ అరుపుకి నా కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి."

ఆ వారంలోనే, మధ్యాహ్నం మెర్వ్ మాంసం ముక్కలు వేయిస్తుంటే సార్జంటు తూలుకుంటూ వంటింట్లోకి వచ్చింది. తాగుబోతులా పక్కకి ఒరిగి పడిపోయింది. తర్వాత ఒళ్లంతా కొయ్యై, నాలుగు కాళ్లూ గాలిలో కొట్టుకుంటూ, తల పొయ్యి కాలికేసి టకటకా బాదుకోసాగింది. నోట్లోంచి నురగ. కింద ఉచ్చ మడుగు. మెర్వ్ పెనం విసిరేసి మీద పడ్డాడు. పట్టుకుంటే పట్టు దొరకలేదు. ఆ వణుకు ఆగి పిల్లి గుడ్డలా వాలిపోయాక, చెవి పొడిచాడు.

అది చెవి కూడా విదల్చలేదు. నెత్తురు తనంతట తనే వచ్చింది. ఒకటి పాయింట్ ఆరు.

టెస్ చెప్పింది గుర్తొచ్చి తేనె సీసా తెచ్చి చిగుళ్లకు రాయబోతే రెండో మూర్ఛ వచ్చి, దవడలు అతని వేలి మీద మూసుకున్నాయి. ఈసారి అతను వేలు లాక్కోలేదు, కొట్టలేదు. ఎముక పటపటమంటుంటే ఇంకో చేత్తో తేనె రాస్తూ కూర్చున్నాడు.

"ఇవాళ అరుపు లేదేమిట్రా అని..." అంటూ గుమ్మంలోకి వచ్చిన వాల్ అది చూసి, తన బండి తాళాలు తెచ్చింది.

ఆస్పత్రిలో టెస్ పిల్లి కాలి నరంలోకి చక్కెర నీళ్లు ఎక్కించింది. మూర్ఛ ఆగింది గానీ కళ్లు తెరవలేదు. ఆమె బయటికొచ్చి, "మందు ఎక్కువైంది," అంది.

అంతే, మెర్వ్ బల్ల మీద పిడికిలి దించాడు. బల్ల మీదున్న అద్దం పలక పగిలి వేళ్లలో దిగింది. "నువ్వే చెప్పావు. నువ్వు చెప్పినంతే వేశా. చదువుకున్న ముండవి, నా పిల్లిని చంపింది నువ్వు."

టెస్ మొహం పాలిపోయింది. "మీరు ఇరవై ఆరన్నారు. నిమ్మళంగా ఉన్నాడన్నారు. నేను మూడుసార్లు అడిగాను."

"నిమ్మళంగా ఉందన్నాడా?" వాల్ మధ్యలోకి వచ్చింది. "అమ్మాయ్, వీధంతా వింది ఆ నిమ్మళం. పొట్టేలుని కూలేసినట్టు కూలేసి పొడుస్తాడు. వాడి చేతులు చూడు, ఎక్కడన్నా చోటుందా చీల్చడానికి?"

టెస్ ఆ చేతులు చూసింది. "భయపడి పెనుగులాడితే పిల్లికి కాసేపట్లోనే షుగరు రెట్టింపు అవుతుంది," అంది మెల్లగా. "ఆ ఇరవై ఆరు జబ్బుది కాదు, భయానిది. లేని షుగరుకి మందు వేయించాను నేను."

మెర్వ్ వాల్ మీదికి తిరిగాడు. పిడికిలి లేచింది, అద్దం పెంకులతో సహా.

వాల్ కదల్లేదు. "కొట్టు. నోలీన్ భుజం విరిచిన చెయ్యేగా. ఇందాకట్నుంచి పిల్లి పాపం ఈ అమ్మాయి మీదికి తోస్తున్నావు గానీ, దాన్ని ఈ గతికి తెచ్చిందీ ఆ చెయ్యేగా. కొట్టు."

అతను ఆగింది మంచితనంతో కాదు. పక్కన టెస్ గోడకి అతుక్కుపోయి, అరచేతితో గొంతు కప్పుకుని నిలబడింది. నోలీన్ సరిగ్గా అలాగే కప్పుకునేది. చెయ్యి దానంతట అదే దిగింది. మెర్వ్ బయటికి పోయి బండి చక్రం పక్కన కూలబడ్డాడు. సిగ్గేసింది. వాడి బతుకులో అంత సిగ్గు ఎన్నడూ ఎరగడు, దాన్ని ఏం చేసుకోవాలో కూడా తెలియలేదు.

పిల్లి బతికింది. టెస్ పాత మోతాదుకి దించి, నెత్తురు తీసే పద్ధతి మళ్లీ మొదట్నుంచి చూపించింది. పట్టుకోవద్దు. మేజోడులో బియ్యం పోసి వేడిచేసి చెవికి ఆనించాలి. ముందు ఉడికిన కోడి ముక్క పెట్టాలి. చెవి అంచున, నరం తప్పించి, ఒక్క పోటు. లేచిపోతే పోనివ్వాలి.

పోనివ్వడం మెర్వ్‌కి చేతకాని పని. సార్జంటు ఇప్పుడు అతని బూటు చప్పుడు వింటేనే ట్యాంకు కిందికి దూరిపోతోంది. కోడి ముక్క చేత పట్టుకుని నేల మీద బోర్లా పడుకుని పిలిస్తే బుసకొట్టింది. చెయ్యి ఇంకొంచెం చాస్తే చెంప కంటి దాకా చీల్చింది. ఆ మంటకి చెయ్యి ముందు లేచింది, బుద్ధి తర్వాత లేచింది. దెబ్బకి పిల్లి ట్యాంకు రేకుకి కొట్టుకుని, కింద పడి, లేచి, కుంటుకుంటూ కంచె కిందనుంచి వాల్ ఇంట్లోకి పోయింది.

మెర్వ్ చాలాసేపు అక్కడే కూర్చుని, ఆ చేతిని అదే రేకుకేసి బాదుకున్నాడు. తర్వాత ఇన్సులిను, సూదులు, షుగరు మిషను ఒక సంచిలో వేసుకుని వాల్ తలుపు కొట్టాడు.

"నువ్వు చూసుకో," అన్నాడు. "నా వల్ల కాదు."

వాల్ సంచీ తీసుకుంది. ఎగతాళి చెయ్యడానికి నోరు తెరిచి, వాడి మొహం చూసి మూసుకుంది.

వాల్ వంటింటి బల్ల మీద సార్జంటు మాంసం తింటుంటే, ఆమె మేజోడు ఆనించి పొడిచేది. అది నములుతూనే ఉండేది. పదకొండు. పన్నెండు. పదకొండు. మెర్వ్ రోజూ కంచె దగ్గర నిలబడి అంకె అడిగి వెళ్లేవాడు. ఒకనాడు, "ఒక్కసారి చూస్తానే. మాట్లాడను, ముట్టుకోను," అన్నాడు. వాల్ సరేనంది. తలుపు మూల, గోడకి చేరబడి, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ నిలబడ్డాడు.

పిల్లి నమలడం ఆపింది. అరవలేదు, పారిపోలేదు. చెవులు వెనక్కి వాల్చి, బొమ్మలా కూర్చుంది. వాల్ పొడిస్తే ఉలకలేదు. పంతొమ్మిది.

ఎంత నిమ్మళంగా కూర్చుందో మెర్వ్ చూశాడు. అతను ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడల్లా నోలీన్ ఇంత నిమ్మళంగానే కూర్చునేది. పెళ్లాం తనకి భయపడదని ఊళ్లో అందరికీ చెప్పుకునేవాడు.

వాల్ అప్పటికప్పుడే టెస్‌కి ఫోను చేసి, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టి, పాత అంకెలతో పాటు ఇదీ చదివింది. "ఈ పంతొమ్మిది ఏమిటి?" అంది టెస్ గొంతు. "ఇలా పెరుగుతుంటే మందు కొంచెం పెంచాలి. ఈ పూట ఏమైనా తేడా జరిగిందా?"

వాల్ మెర్వ్ వైపు చూసింది. ఎంత నోరున్నా జాలి గల మనిషి. "ఏం లేదమ్మా, కోడి ముక్క ఓ రెండు ఎక్కువ పడిందేమో," అంది. "పిల్లి నిమ్మళంగానే ఉంది."

ఆమె మాట అలాగే ఉండనిస్తే మెర్వ్‌కి పరువు దక్కుతుంది, మందు పెరుగుతుంది. అతను రెండడుగులు వేసి ఫోను మీదికి వంగాడు. బల్ల చివర పిల్లి ఇంకా అలాగే బిగుసుకుని అతన్నే చూస్తోంది.

"పెంచకమ్మాయ్," అన్నాడు. "ఈ పూట గదిలో నేనున్నా. నన్ను చూసి భయపడ్డాడు."

"అయితే ఆ అంకె లెక్కలోకి రాదు, మెర్వ్ గారూ. మీరు లేనప్పుడు తీసినవే చెప్పండి."

"సరే," అన్నాడు మెర్వ్.

టోపీ తీసుకుని, వాకిలి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లాడు. అతను గేటు దాటి, రోడ్డు దాటి, కనిపించనంత దూరం పోయేదాకా వాల్ మళ్లీ సూది తియ్యలేదు.