సత్యవాణి చేత నేను నొక్కించిన ‘వద్దు’

ఆత్రేయపురంలో పెళ్లి సారెకు పూతరేకులు చేయించుకునేవాళ్లు ఇప్పుడు డబ్బా మూత మీద వధూవరుల ఫోటో, పేర్లు వేయించుకుంటున్నారు. పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒక ఒత్తు పోయినా వియ్యాలవారు ఆ డబ్బా తెరవరు. దొరబాబు డిజైన్ షాపులో పదహారేళ్లుగా ఆ మూతలు తయారు చేస్తున్నది సత్యవాణి. ఆమె చేతి మీదుగా వెళ్లిన పేరు ఒక్కటి కూడా తప్పని తిరిగి రాలేదు.

సత్యవాణిది లంక ఊరు. భర్త గోదావరిలో వల వేస్తాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, టైపింగు తనంతట తాను నేర్చుకుంది. ఏ ఇంట్లో ఎవరి పేరు ముందు రావాలో, ఎవరి పేరు పక్కన ఈ ఏడాది ‘కీర్తిశేషులు’ చేరిందో కాగితం చూడకుండా చెబుతుంది. రానిదల్లా ఇంగ్లీషు. దానికి నేనున్నాను.

నా పేరు పల్లంరాజు. డెబ్భై నాలుగేళ్లు. రాజమండ్రి కాన్వెంటులో చదివాను. రోజూ పదింటికి ఆ షాపులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాను. పేపరు అక్కడే చదువుతాను, కాఫీ అక్కడే తాగుతాను, కోతలు అక్కడే కోస్తాను. ధవళేశ్వరం ఆనకట్టకు ఒక గేటు బిగుసుకుపోతే కొబ్బరినూనె రాసి నేనే తీశానని చెబితే, నవ్వకుండా చివరిదాకా విన్నవాళ్లున్నారు.

మొన్న వేసవిలో షాపులో పాత కంప్యూటరు మొరాయించింది. రావులపాలెం నుంచి కిరణ్ అనే మెకానిక్ వచ్చి విండోస్ బదులు లైనక్స్ వేసి, బొమ్మలు దిద్దే యాప్ ఒకటి పెట్టాడు.

“ఈ యాప్ సీలు వేసిన ప్యాకెట్టులా వస్తుందండి. దాని గది దానిదే. బయట ఏ ఫోల్డరు చూడాలన్నా ముందు మిమ్మల్ని అడుగుతుంది,” అని చెప్పి వెళ్లాడు.

ఆ యాప్ మిగతా కంప్యూటరుతో కలవలేదు. తెరంతా నల్లగా ఉంటే అది ఒక్కటే తెల్లగా వెలిగేది. మౌసు బాణం దానిలోకి వెళ్లగానే చీమంత అయిపోయేది. సత్యవాణి ఏళ్ల తరబడి కూడబెట్టిన తెలుగు ఫాంట్లలో సగం దానికి కనబడలేదు. కిరణ్‌కు ఫోన్ చేసి ఒక్కొక్కటే సర్దుకుంది.

“కొత్త కోడలండి. మనింటి అలవాట్లు ఇంకా రాలేదు,” అని నవ్వేది.

ఒక సోమవారం తెర మధ్యలో చిన్న కిటికీ తెరుచుకుంది.

“తాతగారూ, ఏదో అడుగుతోందండి. కాస్త చూస్తారా?”

కళ్లజోడు సర్దుకుని చదివాను. ‘పెళ్లిళ్లు’ ఫోల్డరును ఈ యాప్ చదవాలనుకుంటోంది, అనుమతిస్తారా అని ఉంది. నాకు బాగానే అర్థమైంది. కానీ “సరే అని నొక్కమ్మా” అని ఒక్క ముక్కతో వదిలేస్తే పల్లంరాజు అక్కడ ఉండి ఏం లాభం?

“అమ్మో! ఇలాంటిదే వస్తే రాజమండ్రిలో ఒకాయన సరేనన్నాడు. తెల్లారేసరికి ఆయన కొబ్బరితోట జర్మనీవాడి పేరు మీదకు మారిపోయింది,” అన్నాను.

“అయ్యబాబోయ్! మరేం నొక్కమంటారండి?”

“చివరిది. ‘ఎప్పటికీ వద్దు’ అని.”

నొక్కింది. కాసేపు భయపెట్టి నిజం చెబుదామనుకున్నాను. అంతలో కాఫీ వచ్చింది. మరిచిపోయాను.

బుధవారం పూతరేకులు చేసే సుబ్బాయమ్మ మూడు వందల మూతల కోసం వచ్చి కూర్చుంది. శుక్రవారం పొద్దున్నే డబ్బాలు పెద్దాపురం పెళ్లివారింటికి వెళ్లాలి. సత్యవాణి ఎంత వెతికినా యాప్‌లో ఫోటోలు తెరుచుకోలేదు. యాప్ మూసి చూస్తే ‘పెళ్లిళ్లు’ ఫోల్డరులో ఉన్నాయి. యాప్ తెరిస్తే లేవు. ఎందుకు లేవో అది చెప్పదు.

“సోమవారం ఏదో నొక్కాం కదండీ, తాతగారూ. దానివల్ల కాదు కదండీ?”

నాకు అప్పుడే తెలిసిపోయింది.

“అబ్బే, దానికీ దీనికీ సంబంధం ఏంటమ్మా,” అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

దొరబాబు వచ్చాడు. “ఎవరు ఏం నొక్కారు?”

సత్యవాణి నా పేపరు వైపు ఒకసారి చూసింది. “నేనేనండి. తెలియక ఏదో నొక్కి ఉంటాను.”

మా వైపు పెద్దవాళ్ల పేరు తప్పులోకి లాగరు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న పెద్దవాణ్ణి అసలే లాగరు. ఆ మర్యాద వెనక నేను దాక్కున్నాను.

“ఇలాగైతే కుదరదు సత్యవాణీ. తణుకులో లావణ్య అని ఒకమ్మాయి ఉందట, ఇంగ్లీషు మీడియం. సోమవారం నుంచి ఈ సీట్లో ఆ అమ్మాయి కూర్చుంటుంది. నువ్వు మూతలు కత్తిరించు,” అన్నాడు దొరబాబు.

పదహారేళ్ల సీటు. ఆమె పైట చెంగుతో కీబోర్డు తుడిచి, “సరేనండి,” అంది. పేపరులో అదే వరుస నాలుగుసార్లు చదివాను.

గురువారం కిరణ్ వచ్చి, ఐదు నిమిషాలు వెతికి, “ఎవరో ‘ఎప్పటికీ వద్దు’ అని పెట్టేశారండి. పాపం యాప్ ఆ మాటకు కట్టుబడింది,” అన్నాడు. దాన్ని తీసేయగానే పెళ్లికొడుకు ఫోటో తెర మీదకు వచ్చింది. దొరబాబు సత్యవాణి వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది.

నేను లేచాను. “దొరబాబూ, అది నేను నొక్కించాను.”

దొరబాబు పగలబడి నవ్వాడు. “మీరు భలేవారండి బాబాయిగారూ! ఆవిణ్ణి కాపాడ్డానికి ఎంత చక్కటి కథ అల్లారండి!”

“పెద్దమనసండి మీది,” అంది మూతల కోసం మళ్లీ వచ్చి కూర్చున్న సుబ్బాయమ్మ.

కోసిన కోతలన్నీ నమ్మినవాళ్లు, ఒక్క నిజం చెబితే మెచ్చుకుంటున్నారు. చెంపదెబ్బ తిన్నా అంత సిగ్గు వేసేది కాదు. అప్పుడు కళ్లు మూసుకుని, కాన్వెంటులో సిస్టర్ ముందు పాఠం అప్పజెప్పినట్టు, ఆ కిటికీలో ఉన్న ఇంగ్లీషు వాక్యాలు మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాను. కింద ఉన్న మీటలు కూడా వరుసగా చెప్పాను.

కిరణ్ ఆ కిటికీ మళ్లీ వచ్చేలా చేసి పోల్చి చూశాడు. “అక్షరం పొల్లుపోలేదండి. చదివింది ఈయనే.”

దొరబాబు నవ్వు ఆగిపోయింది. “మరి నిన్న ఎందుకు చెప్పలేదండి?”

నా దగ్గర కథ లేదు. పేపరు మడిచి బల్ల మీద పెట్టాను.

“వదిలేయండి. పెద్దవారు,” అంది సత్యవాణి, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. సాయంత్రానికి మూడు వందల మూతలూ అచ్చయ్యాయి. దొరబాబు తణుకు ఫోన్ చేసి, అమ్మాయి రానక్కరలేదని చెప్పాడు.

పది రోజుల తరువాత మళ్లీ ఒక కిటికీ వచ్చింది. అలవాటుగా కుర్చీలోంచి ముందుకు వంగాను. సత్యవాణి నన్ను పిలవలేదు. తెర మీద వేలు పెట్టి, ఒక్కో ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కుంటూ చదువుకుంది. చాలాసేపు పట్టింది. సరైనదే నొక్కింది.

తరువాత నా వైపు తిరిగి, “కాఫీ చల్లారిపోతోందండి, తాగండి,” అంది.

తల ఎత్తకుండా తాగాను.