సముద్రం మీద సారె ఓడ

ఆ రోజుల్లో మాకు సముద్రం అవతల నుంచి ఏదీ వచ్చేది కాదు కాబట్టి, ఏదైనా రావచ్చనిపించేది. దేశం తలుపులు మూసుకుని చాలా కాలమైంది. ఎప్పుడైనా పరాయి దేశపు సబ్బుబిళ్ళ దొరికితే, అది అరిగిపోయాక కూడా పైకాగితాన్ని బట్టల మధ్య దాచుకునేదాన్ని. (వాసన కోసమే. అక్షరాలు నాకు అప్పటికి ముగ్గులతో సమానం.) అలాంటి రంగూన్‌లో జనం సర్కారు మీద తిరగబడి వీధుల్లోకి వచ్చిన వానాకాలం అది. బస్సులు ఆగిపోయాయి, బజార్లు మూతపడ్డాయి, మా తాకేటా పేటలో ప్రతి సందు మొదట్లో వెదురు కంచె లేచింది. ఇంట్లో మామ్మ, మావయ్య, నేను. డబ్బా అడుగున కాసిని బియ్యం. బజారు మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలీదు.

మావయ్య రేవులో మూటలు మోసేవాడు. ఓడలో ప్రయాణం చేసి ఎరగడు గానీ, వీధంతా కప్తాను అనే పిలిచేది. ఓ మధ్యాహ్నం వానలో తడిసి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు: "పరాయి దేశం మిలటరీ ఓడొకటి మన సముద్రంలో నిలబడుందట. బియ్యం, నూనె, మందులు, జీపులు, డేరాలు, అన్నీ ముందే నింపీసి, అవసరం వచ్చేదాకా నీళ్ళ మీదే ఉంచుతారట."

"ఎవరికి అవసరం?" అన్నాను.

"మనకే గదేటే గుంటా!"

మామ్మ వత్తులు చెయ్యడం ఆపింది. "అడక్కుండా అన్నీ సర్ది పంపితే దాన్నేటంటారు? సారె. సారె మోసుకొచ్చినోళ్ళ నోరు తీపి చెయ్యకుండా పంపీస్తామా? ఒలే, బియ్యం నానబెట్టు."

"ఉన్నవి అవే మామ్మా."

"ఓడ నిండా వస్తంటే పిడికెడు గింజలకి ఏడుస్తావేటే?"

నేను గట్టిగా అడ్డుపడలేదు. నా కళ్ళలో అప్పటికే ఓడ నిలబడిపోయింది. చప్పుడు లేకుండా, తెల్లగా, ఊరంత పెద్దగా. దాని కడుపులో ఎక్కడో రెండు జీపుల మధ్య నా కోసం ఒక ఆకుపచ్చ గొడుగు. మర్నాడు ఆ గొడుగునే తలుచుకుంటూ పిండి దంచాను, తాటిబెల్లం పాకం పట్టాను.

అరిసెల బుట్టతో బయల్దేరితే, కంచె దగ్గర కాపలా ఉన్న ఎదురింటి బర్మా పెద్దాయన ఆపాడు. తిండిలో విషం కలుపుతున్నారని ఊరంతా పుకారు. ముందు మీరు తినండన్నాడు. మామ్మ అతన్ని కొరకొరా చూస్తూ ఒకటి తిని, "పాకం ముదిరింది" అని నన్ను కొరకొరా చూసింది.

"ఇవి ఎవరికి?" అన్నాడాయన.

"ఓడోళ్ళకి."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తన గొడుగు అందుకుని, "ఎటు నుంచి వస్తుందట?" అన్నాడు.

కాసేపటికి సగం సందు మా వెనకే పజుండౌంగ్ వాగు ఒడ్డున నిలబడింది. సన్నటి వాన. నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగు. అంతమంది అంత నిశ్శబ్దంగా ఒకే వైపు చూడడం నేను మళ్ళీ చూడలేదు. (ఆ వాగులో అంత ఓడ ఎలా పడుతుందని ఎవరూ అడగలేదు, కప్తానుతో సహా.) చివరికి వాన తెరలోంచి ఒక చిన్న పడవ వచ్చింది. అందులో ఒక ముసలాయన, ఒక కోడి.

మామ్మ తొణకలేదు. పడవ ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, బిత్తరపోయిన ముసలాయన చేతిలో రెండు అరిసెలు పెట్టింది. కోడికి కూడా ఒక ముక్క వేసింది. "సారె దిగింది. ఇంక పంచాలి" అంది. సారె వస్తే ఇంటింటికీ పంచడం మా ఆచారం. అరిసెల పళ్ళేలు సందంతా తిరిగాయి. మాకు మిగిలింది ఖాళీ డబ్బా. మావయ్య గుమ్మంలో మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

చీకటి పడకముందే పళ్ళేలు వెనక్కి రావడం మొదలైంది. పెట్టిన పళ్ళేన్ని ఖాళీగా తిప్పి పంపకూడదని మామ్మ ఏళ్ళ తరబడి దెప్పి దెప్పి ఆ సందుకంతా నేర్పింది. ఒకదాన్లో గిద్దెడు బియ్యం, ఒకదాన్లో ఎండుచేప, సీసాలో కాస్త నూనె, ఒక సొరకాయ, సగం కొవ్వొత్తి. అందరూ ఏ మూలో దాచుకున్నవే. మామ్మ బియ్యం డబ్బాలో పోసి, "కప్తానూ, లెగు. సరుకు దింపుకో" అంది.

ముసలితనంలో మనవరాలు నాకు అక్షరాలు నేర్పింది. మొన్న ఒక పత్రికలో వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. సరుకు నింపుకుని ఎక్కడో దూరపు సముద్రంలో కాచుకునే మిలటరీ ఓడలు నిజంగానే ఉంటాయట. మావయ్య లేడు చెబుదామంటే. నువ్వు అబద్ధమాడలేదు కప్తానూ, ఎక్కడ నిలబడిందో ఒక్కటే తప్పు చెప్పావు.

ఆకుపచ్చ గొడుగు మాత్రం ఇంకా దిగలేదు. వాన పడితే వాగు వైపు ఓసారి చూస్తాను. పోయేదేముంది!