మోకులవాడు చెప్పలేకపోయిన కారణం

పూర్వం మస్సాలియా అనే పట్నపు ఓడరేవులో హెర్మోన్ పేనిన మోకు తెగిందని అన్నవాడు లేడు. అతని పెళ్ళాం నికరెతే ఉప్పుచేపలు అమ్మేది. నోరు కూడా ఆ ఉప్పులోనే ఊరింది. పగలంతా మోకులు పేని, సాయంత్రం దేనికీ చలించరాదని బోధించే స్తోయిక్కుల మంటపం దగ్గర కూర్చుని, గురువు మాటలు విని వచ్చేవాడు హెర్మోన్.

"చావు చెడ్డది కాదే, చెడ్డగా బతకడమే చెడ్డది."

"ఏది చెడ్డదో తర్వాత తేల్చుదువుగాని, ముందు పప్పుజావ తాగు. చల్లారిపోతోంది."

ముసలితనంలో అతని వేళ్ళు వంకరపోయాయి. తాడు మీద పట్టు చిక్కడం లేదు. ఒక పొద్దున "సభకు వెళ్తున్నానే" అన్నాడు. ఆ ఊళ్ళో ఆ మాటకు ఇంకో అర్థం లేదు. బతుకు చాలించదలచినవాడు పెద్దల ముందు కారణం చెప్పుకోవాలి. సబబని సభ ఒప్పుకుంటేనే ఊరి అధీనంలోని విషం ఇస్తారు. లేదంటే ఇంటికి పొమ్మంటారు.

నికరెతే దారి పొడుగునా తిడుతూనే వెంట నడిచింది.

"వేళ్ళు పోతే చావాలా? మీ గురువుకి పళ్ళన్నీ రాలాయి, వాగడం మానాడా?"

"నవ్వించకే. అక్కడ నిబ్బరంగా నిలబడాలి."

"నిలబడు. నీ తర్వాత నేను నోరు విప్పుతా. సభంతా చెవులు మూసుకోవాల్సిందే."

సభలో ఒక పెద్దాయన అడిగాడు: "నొప్పి ఓర్వలేకా? లేక కోపమా, అవమానమా? తేల్చి చెప్పు."

ఆ వంకర వేళ్ళు చూసి పెద్దలప్పుడే జాలిగా తలలూపుతున్నారు. నొప్పి అంటే చాలు, ఇచ్చేస్తారు. నికరెతే జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"నొప్పి అందామనే వచ్చానయ్యా," అన్నాడు హెర్మోన్ మెల్లగా. "నోరు రావడం లేదు. నొప్పితో బతకగలను, బతుకుతూనే ఉన్నా. మొన్న తాడు చేజారి ఇసుకలో పడితే రేవంతా నవ్వింది. ఆ పూటే ఇక్కడికి రావాలనిపించింది. అది కారణం కాదు, ఉక్రోషం. చావంటే నాకు భయం లేదు. భయం లేనివాడు తొందరపడితే ఆపేవాడుండడు. తనను తానే ఆపుకోవాలి. నా మనవి వెనక్కి తీసుకుంటున్నా."

నికరెతే తుపానుకు ఎదురెళ్ళిన మగాళ్ళను రేవులో ఎందరినో చూసింది. పదిమందిలో తన మనసును తానే గల్లా పట్టి నిలదీసినవాణ్ణి మాత్రం చూడలేదు. ఇన్నేళ్ళూ జావ పోసింది ఈ మనిషికేనా? కూడబెట్టుకొచ్చిన మాటలన్నీ అక్కడే వదిలేసి, అతని వంకర వేళ్ళు పట్టుకుని ఇంటిదారి పట్టింది.

మర్నాడు హెర్మోన్ నార కొసను నడుముకు కట్టుకుని, రేవులో అందరూ చూస్తుండగానే వేళ్ళతో పనిలేకుండా, తాడు కట్టే గుంజలా కదలక కూర్చున్నాడు. నికరెతే రెండో కొస పట్టి, పురి పెడుతూ వెనక్కి నడిచింది.

"బిగించవే!"

"బిగిస్తే గుంజ ఊడొస్తుందేమో!"

ఎవరో పకపకా నవ్వారు. హెర్మోన్ కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు.

"రాదు. పేనడం అయ్యేదాకా గుంజ కదలకూడదు."

నికరెతే, ఎన్నడూ లేనిది, ఎదురు చెప్పలేదు. బిగించింది.