కర్ర చెవి మూసిన మావయ్య

అదేనండీ, మిక్సీలు బాగుచేసే పిల్ల, జడలో స్క్రూడ్రైవర్ దోపుకుని తిరుగుతుందే, దాని సంగతే చెప్తున్నా! ఏ వస్తువొచ్చినా చెవి దగ్గర పెట్టుకుని "ఏమ్మా, ఏమైంది?" అని పలకరిస్తుంది. మనుషుల్ని మాత్రం ఒక్క ముక్క అడగదు. చూపు పోయిన దాని మేనమామ, వీధి చివరిదాకా ఒంటరిగా వెళ్తానని పంతం పట్టాడు. ఆయన కర్రకి సెన్సర్ బిగించింది. ఆ సెన్సర్‌కి కళ్ళలా రెండు గుండ్రటి బిళ్ళలు. ఒకటి శబ్దం పంపుతుంది, రెండోది తిరిగొచ్చింది వింటుంది. ఎదురుగా ఏదైనా ఉంటే, దానికి తగిలించిన సర్క్యూట్ బోర్డు కుయ్ మంటుంది. బల్ల మీద బుద్ధిగా కూసేది, మావయ్య చేతిలో మాత్రం మూగనోము! వైర్లు మార్చింది, బోర్డు మార్చింది, సెన్సరూ మార్చింది. చివరికి విసిగిపోయి, "మావయ్యా, ఓసారి నడిచి చూపించు" అంది. ఇంకేముంది, ఆయన బొటనవేలు సరిగ్గా ఆ వినే బిళ్ళ మీదుంది!

"దాని చెవి మూసేస్తే ఎలా మావయ్యా!"

"నేను చెవులు మూసుక్కూర్చుంటానని మీ అత్తయ్య రోజూ అంటుందిగా, ఆ జబ్బే దీనికీ అంటించా" అని ఆయన పకపకా నవ్వాడు.

సెన్సర్ని బెత్తెడు కిందికి దించింది. ఆయన బయల్దేరాడు. ఈ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా పదడుగుల వెనకే నడిచింది. కరెంటు స్తంభం ముందు కర్ర కుయ్ మంది. ఆయన పక్కకి తప్పుకుని, వెనక్కి తిరక్కుండానే, "గాజులు వినిపిస్తున్నాయే, ఇంటికి పో!" అన్నాడు. మా తోటికోడలికీ చూపు మసకే కదా, ఉండండి, ఆ పిల్లకి ఇప్పుడే ఫోన్ చేస్తా.